చిక్కిపోయిన మాట

నెల కిందట జూబ్లీహిల్స్‌లో ఒక స్కిన్ క్లినిక్‌కి వెళ్ళాను. నాకు నలభై నాలుగు. పోయినేడు టైఫాయిడ్, అది తగ్గీ తగ్గకముందే అమ్మ ఆపరేషన్, ఆసుపత్రి వరండాల్లో రాత్రిళ్ళు. ఏడు కిలోలు తగ్గాను. అయిదు తిరిగొచ్చాయి గానీ ముఖం వైపు మాత్రం రాలేదు. కళ్ళ కింద గుంటలు అలాగే ఉండిపోయాయి. అద్దంలో నన్ను నేనే "ఏమైంది?" అని అడగాల్సి వస్తోంది. అందుకని వెళ్ళాను.

మాట్లాడింది డాక్టరు కాదు, కౌన్సెలర్. పాతికేళ్ళ పిల్ల. నా ఫొటో తీసి టాబ్లెట్‌లో కళ్ళ కింద రెండు, బుగ్గల మీద రెండు, నోటి పక్కన రెండు గీతలు గీసింది. "మేమ్, మీకు మిడ్‌ఫేస్ వాల్యూమ్ లాస్ ఉంది, నాలుగు ఎమ్మెల్ పడుతుంది" అంది. ఒక బాధతో లోపలికి వెళ్ళిన దాన్ని మూడు బాధలతో బయటికొచ్చాను. బుగ్గల సంగతి, నోటి పక్క సంగతి అప్పటిదాకా నాకు తెలీనే తెలీదు.

ముందే చెప్పేస్తున్నా, ఫిల్లర్లు చేయించుకున్న ఆడవాళ్ళని తిట్టడానికి కాదు ఇది రాస్తున్నది. ఆ పని చెయ్యడానికి మన సాహిత్య వర్గంలో బోలెడుమంది ఉన్నారు. ముడతల్లో జీవితానుభవం తొణికిసలాడుతుందని రాసే కవిగారు నెలకోసారి జుట్టుకి రంగేసుకునే సభకి వస్తారు. ఆయనకి ముడతలు ఇష్టమే, అవతలివాళ్ళ అమ్మమ్మ ముఖం మీదుంటే. అరవై దాటిన హీరో పాతికేళ్ళ అమ్మాయి పక్కన గెంతుతుంటే ఈలేసే జనం, నటి పెదవి కాస్త ఉబ్బితే స్క్రీన్‌షాట్ తీసి పంచుకుంటారు. వీళ్ళ సహజత్వం ఉపన్యాసాలు నాకొద్దు.

నా తగువు ఆ మాటతో. వాల్యూమ్ లాస్.

దీనికి తెలుగులో మాటల్లేకనా? ముఖం పీక్కుపోయింది. కళ్ళు లోపలికి పోయాయి. చిక్కిపోయావ్. ఈ మాటల వెనకాల ఎప్పుడూ ఒక ప్రశ్న ఉంటుంది. "చిక్కిపోయావేంటే" అన్న పెద్దమ్మ అక్కడితో ఆగదు. తింటున్నావా, నిద్ర పడుతోందా, ఇంట్లో ఎలా ఉంది, ఒంట్లో బాగుందా అని మొదలుపెడుతుంది. (పెళ్ళిలో నలుగురి ముందు అడుగుతుంది, అదీ హింసే, నేనేం దాన్ని పూజించట్లేదు.) కానీ ఆ మాట చూపు ముఖం దాటి బతుకు మీదకి పోతుంది. వాల్యూమ్ లాస్‌కి అలాంటి కుతూహలం లేదు. ఆ గదిలో ముప్పావుగంట కూర్చున్నాను. ఈమధ్య జబ్బు పడ్డారా అని ఒక్కళ్ళూ అడగలేదు.

వాళ్ళు చెప్పేది అబద్ధమేమీ కాదు. వయసుతో ముఖంలోని కొవ్వు పొరలు పలచబడతాయి, కిందికి జారతాయి. ఎముక కూడా అరుగుతుంది, కంటి గూడు వెడల్పవుతుంది, పైదవడ వెనక్కి పోతుంది. ఇది అందరికీ జరిగేదే. కానీ దాన్ని 'లాస్' అనగానే నష్టమైపోతుంది. నష్టమన్నాక పూడ్చాలి. మార్పు అనుంటే ఏం కొనాలో తోచదు కదా.

ఈ ఇంజక్షన్ కథలో నిజంగా నష్టపోయినవాళ్ళు వేరే ఉన్నారు. 2004 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం హెచ్ఐవీ ఉన్నవాళ్ళకి ఉచితంగా ఏఆర్‌టీ మందులివ్వడం మొదలుపెట్టింది. అందులో వాడిన మందుల్లో స్టావుడిన్ ఒకటి. చవక. ఎంతోమంది ప్రాణాలు నిలబెట్టింది. కానీ చాలామందికి బుగ్గల్లో కొవ్వు తినేసింది. అదే ఏడాది ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ స్కల్‌ప్ట్రా అనే ఫిల్లర్‌కి అనుమతిచ్చింది. దేనికనుకున్నారు? సరిగ్గా ఈ హెచ్ఐవీ రోగుల గుంటలు పడ్డ ముఖాలకి. అందం కోసం వాడుకోవడానికి అక్కడ అనుమతి 2009లో గానీ రాలేదు. స్టావుడిన్‌ని మెల్లగా మాన్పించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందీ ఆ 2009లోనే.

అప్పట్లో హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. బుగ్గలు చూసి జబ్బు పోల్చుకునే ఊళ్ళో ముఖం దాచుకోవడమంటే కూలి దాచుకోవడం, పిల్ల పెళ్ళి దాచుకోవడం. వాళ్ళకి మందు ఉచితంగా వచ్చింది, అది చేసిన గుంట కూడా ఉచితంగానే వచ్చింది. పూడ్చే ఇంజక్షన్ మాత్రం రాలేదు. అది ఏసీ గదుల్లోకి, 'పెళ్ళికూతురి ప్యాకేజీ'లోకి వచ్చింది. ఫిల్లర్ అంటే వట్టి వ్యామోహమనే వాళ్ళకీ, ఫిల్లర్ అంటే సాధికారత అనే వాళ్ళకీ ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది.

"నా ముఖం, నా ఇష్టం" అంటారా? ఒప్పుకుంటా. కానీ ఇష్టపడాలంటే ఏం గుచ్చుతున్నారో తెలియాలి. ఎక్కువగా వాడేది హైలురోనిక్ ఆమ్లం. మన చర్మంలోనూ ఉంటుంది, కాకపోతే సిరంజిలోది సాధారణంగా బాక్టీరియాతో తయారుచేసి, ఒంట్లో తొందరగా కరిగిపోకుండా రసాయనంతో ముడేసినది. ఒక ఎమ్మెల్ అంటే చిన్న చెంచాలో అయిదో వంతు. సూది పొరపాటున రక్తనాళంలోకి పోతే ఆ మేర చర్మం చచ్చిపోవచ్చు. అరుదుగా ఆ ముద్ద కంటి నాళంలోకి ఎదురెక్కి చూపు పోతుంది, పోయిన చూపు తిరిగి రావడం కష్టం. హైలురోనిక్ రకాన్ని కరిగించడానికి హైలురోనిడేజ్ అనే ఇంజక్షన్ ఉంది. ఆలస్యం లేకుండా అందాలి. స్కల్‌ప్ట్రా లాంటివాటిని అది కరిగించలేదు.

ఇవన్నీ ఆ అమ్మాయిని అడిగాను. "మేమ్, గూగుల్ చూస్తే అన్నీ భయంగానే ఉంటాయి" అని నవ్వి, ఈఎమ్ఐ కాగితం నా ముందుకి జరిపింది. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. ఆమెకీ టార్గెట్లుంటాయి. ఆమె పెదవులకీ ఏదో చేసినట్టే ఉంది, స్టాఫ్ డిస్కౌంట్ కాబోలు.

శనివారం అపాయింట్‌మెంట్ ఇంకా రద్దు చెయ్యలేదు. గుంటలు అలాగే ఉన్నాయి, వాటిని చూస్తే ఆ ఆసుపత్రి వరండా గుర్తొస్తోంది, అది పోతే బాగుండుననే ఉంది. ఫోన్ చేసి, ఈసారి సూది పట్టుకునే డాక్టరుతోనే మాట్లాడతానన్నాను. కళ్ళ కింద తప్ప ఇంకెక్కడా గీతలు గియ్యొద్దన్నాను. హైలురోనిడేజ్ అక్కడే ఉందో లేదో నా కళ్ళకి చూపించమన్నాను.

కనుక్కుని చెప్తామన్నారు.