సుంకం తగ్గితే జగ్గయ్యపేటకు మేలు, నందిగామకు?

విదేశీ సరుకు వచ్చిపడితే మన ఫ్యాక్టరీలు మూతపడతాయని 1991లో చాలామంది భయపడ్డారు, ఆర్థిక సంస్కరణలు మొదలైన ఏడు అది. కృష్ణా మెట్టలోని సిమెంటు విషయంలో ఆ భయం నిజం కాలేదు. సిమెంటుకు బరువెక్కువ, ధర తక్కువ. ఓడ కిరాయి, లారీ కిరాయి పెట్టుకొచ్చి జగ్గయ్యపేట బస్తాతో పోటీపడటం ఎవరికీ గిట్టదు. 2007 జనవరిలో కేంద్రం సిమెంటుపై దిగుమతి సుంకం ఎత్తేసింది. అయినా 2011లో కేసీపీ కంపెనీ జగ్గయ్యపేట దగ్గరి ముక్త్యాలలో కొత్త ఫ్యాక్టరీ నడపడం మొదలుపెట్టింది.

విదేశీ పోటీ లేకపోతే మరి ఈ ఫ్యాక్టరీల ఉత్పాదకత ఎలా పెరిగింది? సగం పుణ్యం ఇంటి పోటీదే. పర్మిట్ సిమెంటు రోజుల్లో నాలుగు బస్తాల కోసం జనం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగేవారు. కొనేవాడు క్యూలో ఉంటే బొగ్గు ఎంత తగలబడిందని లెక్క చూసుకునేదెవరు? ధరల అదుపు 1982లో కొంత, 1989లో పూర్తిగా తొలగాకే ఆ లెక్క మొదలైంది.

మిగతా సగం యంత్రాలది. పాత తడి పద్ధతిలో కిలో క్లింకరుకు (పొడి చేస్తే సిమెంటయ్యే గడ్డలకు) దాదాపు 1,300 కిలో కేలరీల వేడి కావాలి. ప్రీహీటర్, ప్రీకాల్సినర్ ఉన్న పొడి పద్ధతిలో 750 లోపే సరిపోతుంది. అదే ప్రాంతంలోని జయంతిపురంలో రామ్‌కో సిమెంటు కంపెనీ, వృథాగా పోయే వేడి నుంచే 27 మెగావాట్ల కరెంటు తీసే ఏర్పాటు చేసుకుంది. ఈ పరిజ్ఞానంలో చాలా భాగం జర్మనీ, డెన్మార్క్, జపాన్‌లలో పుట్టిందే. దాన్ని తెచ్చుకోవడం సుంకాలు తగ్గాక తేలికైంది. 1991కి ముందు కొన్ని సరుకులపై 300 శాతం దాటిన సుంకం, 2007-08 నాటికి వ్యవసాయేతర వస్తువులపై గరిష్ఠంగా 10 శాతానికి దిగింది. ఆర్థికవేత్తలు పెటియా టోపలోవా, అమిత్ ఖండేల్వాల్ 2011లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇదే చెప్పింది: భారతీయ కంపెనీల ఉత్పాదకత పెంచడంలో తయారైన సరుకుపై సుంకం కోత కన్నా ముడిసరుకు, యంత్రాలపై కోతదే పైచెయ్యి.

చిక్కల్లా నందిగామ దగ్గర వస్తుంది. నూలు మిల్లుకు ముడిసరుకైన పత్తి ఇక్కడి రైతుకు పంట. 2021లో వేసిన 11 శాతం పత్తి సుంకాన్ని కేంద్రం 2025 ఆగస్టు 19న ఆపేసింది. మొదట సెప్టెంబరు నెలాఖరు వరకే అంది, తర్వాత డిసెంబరు నెలాఖరుకు జరిపింది. అమెరికా సుంకాల దెబ్బ తిన్న వస్త్ర పరిశ్రమకు అది ఊరటే, కాదనను. కానీ సరిగ్గా తీతలు సాగే నెలలవి. పొడవు పింజ పత్తికి ఆ ఏడు మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. బయట ధర పడిపోతే రైతుకు దిక్కు మద్దతు ధరకు కొనే భారత పత్తి సంస్థ (సీసీఐ) ఒక్కటే. తేమ ఎక్కువుందన్నారంటే ఆ దిక్కూ లేదు.

మిల్లు ఉత్పాదకత లెక్కలో ఈ రైతు నష్టం ఎక్కడా కనపడదు. సుంకం ఎత్తేస్తే ఎత్తేయండి. విత్తనాలు వేయకముందే ఆ మాట చెప్పండి, తొలి తీతకే కొనుగోలు కేంద్రాలు తెరవండి.