గొర్రెపిల్లల్ని కొన్నారా? మందలో కలిపే ముందు ఇవి చూడండి

పత్తి, మిర్చి కోతలు అయ్యాక గుంటూరు, ప్రకాశం పల్లెల్లో గొర్రెల్ని ఖాళీ చేలల్లో మేపుతారు. మీరు నగరం నుంచి డబ్బు పంపి, ఊళ్లో నాన్నగారితో సంతలో నాలుగు పిల్లల్ని కొనిపించారనుకోండి. వాటిని రాగానే మందలో వదిలితే, ఉన్న గొర్రెలకూ ముప్పే.

ఎందుకు?

ప్రధాన భయం పారుడు రోగం, అంటే పీపీఆర్. జ్వరం, ముక్కు కారడం, నోటిపూత, విరేచనాలు దీని లక్షణాలు. వైరస్ సోకిన నాలుగైదు రోజులకు గానీ ఇవి బయటపడవు. అందుకే సంతలో చలాకీగా ఉన్న పిల్ల ఇంటికొచ్చాక పడిపోవచ్చు. ఈ వైరస్‌కు మందు లేదు, టీకాయే రక్ష. 2030 నాటికి దీన్ని ప్రపంచంలో లేకుండా చేయాలన్నది అంతర్జాతీయ లక్ష్యం.

ఇంటి దగ్గర ఏం చేయాలి?

కనీసం మూడు వారాలు వేరే పాకలో, వేరే నీళ్లతొట్టితో ఉంచాలి. ముందు పాత మంద పని ముగించి, ఆ తర్వాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లాలి. చేలో పురుగుమందు ఎప్పుడు కొట్టారో కనుక్కోకుండా మేపొద్దు.

టీకా ఎలా?

ప్రభుత్వం ఉచితంగానే వేస్తుంది. మూడు నెలలు దాటిన పిల్లకు ఒక్క డోసుతో సుమారు మూడేళ్లు రక్షణ. చిక్కల్లా ఒక్కటే: టీకాలు ఊరికి విడతలుగా వస్తాయి. మధ్యలో కొన్న పిల్ల ఆ లెక్కలో ఉండదు. కాబట్టి కొన్న రోజే రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుడికి చెప్పించండి. నట్టల మందు, చిటుకు రోగం టీకా సంగతీ అడగమనండి.

జబ్బు చేస్తే?

1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం ఊరికే వస్తుంది. ఆ నంబరు ఇప్పుడే నాన్నగారి ఫోన్‌లో సేవ్ చేయించండి.