మిల్లీసెకన్ల బేరం

మా పుత్రరత్నానికి కొత్త కీబోర్డు కావాలిట. ఇంట్లో మూడున్నాయి కదరా అంటే, "ఇది మాగ్నెటిక్ నాన్నా, లో ప్రొఫైల్" అన్నాడు, ఆ ఒక్క ముక్కతో నాకంతా తెలిసిపోయినట్టు. వీడు మెల్‌బోర్న్‌లో కూర్చుని విజయవాడలో ఉన్న పెదనాన్న పిల్లలతో వాలరెంట్ ఆడతాడు. రోజూ ఓడిపోతాడు. తప్పు కీబోర్డుదిట.

చెప్పొద్దూ, వస్తువు మంచిదే. మామూలు మెకానికల్ మీటలో రెండు లోహపు రేకులు తగిలితేనే అక్షరం పడుతుంది. ఇందులో తగిలేదేమీ లేదు. మీటలో ఓ చిన్న అయస్కాంతం, కింద ఓ సెన్సరు. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రమే. మీట ఎంత దిగిందో అది ఎప్పటికప్పుడు కొలుస్తూ ఉంటుంది కాబట్టి, ఎంత లోతులో అక్షరం పడాలో మనమే చెప్పొచ్చు. వేలు కాస్త లేస్తే చాలు, మీట వదిలేసినట్టే లెక్క. ఆటలో పరిగెత్తేవాడు ఠక్కున ఆగాలంటే ఇది నిజంగానే పనికొస్తుంది.

కానీ వీళ్ళు ఆడేది ముంబై సర్వరు మీద. ఇక్కణ్ణుంచి అది 9,800 కిలోమీటర్ల పైమాటే. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు. అంటే తీగ తిన్నగా ఉన్నా, వెళ్ళి రావడానికే దాదాపు 100 మిల్లీసెకన్లు. అన్నయ్యలకి అందులో సగం కూడా పట్టదు. కీబోర్డు మిగిల్చే నాలుగైదు మిల్లీసెకన్లు ఏ మూలకి? ఇదంతా కాగితం మీద లెక్కేసి చూపించాను. వాడు అలిగాడు.

నా గొడవ వేరే. ఈ కీబోర్డుని కుర్రాళ్ళకి వేగం పేరు చెప్పి అమ్ముతున్నారు గానీ, అసలు కావలసింది రోజంతా టైపు కొట్టి బతికే మాలాంటి వాళ్ళకి. 1980లలో ఈ దేశంలో టెలికాం ఆస్ట్రేలియా ఉద్యోగులూ, టైపిస్టులూ ఎంతోమంది చేతుల నొప్పులతో పనికి దూరమయ్యారు. ఆర్ఎస్ఐ అన్నారు. 'కంగారూ పంజా' అని వేళాకోళమూ చేశారు. నొప్పి చేతిలోనా, మనసులోనా అని డాక్టర్లు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. నా కుడి మణికట్టుకి ఆ వాదనతో పనిలేదు, సాయంత్రానికి లాగేస్తుంది. కీబోర్డు పల్చగా ఉంటే మణికట్టు పైకి వంచక్కర్లేదు. మీట సగంలోనే పలికితే వేలు అడుగుదాకా గుద్దక్కర్లేదు. నొప్పి పోతుందని అనను, కాస్త తెరిపి.

చివరికి కొన్నాను. పగలు నాది, రాత్రి వాడిది. నిన్న వాడు లోతు 0.2 మిల్లీమీటర్లకి పెట్టి మార్చకుండా వదిలేశాడు. నేను ఇన్‌స్క్రిప్టులో ఈ టపా మొదలెట్టాను. అందులో ఎడమచేతి నడిమివేలు ఆనేది సరిగ్గా పొల్లు మీదే. "కల" అని కొడితే "క్ల" అని పడింది. పేరా అంతా వత్తులే.