కూడలిలో ముందుగా మత్తెక్కేది ధ్యాసకే

కెనడాలో బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. కాబట్టి మనకు కుడి మలుపు ఎంత కష్టమో వాళ్లకు ఎడమ మలుపు అంత కష్టం. ఎదురుగా వచ్చే వాహనాల మధ్య సందు చూసుకుని దాటాలి. టొరంటోలో టామ్ ష్వైజర్ బృందం ఎంఆర్‌ఐ యంత్రంలోనే స్టీరింగు, పెడళ్లు అమర్చి యువ డ్రైవర్ల మెదళ్లను గమనించింది. 2013లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, నేరుగా పోయేటప్పటికన్నా ఎడమకు తిరిగేటప్పుడు మెదడులో చాలా ఎక్కువ భాగాలు పనిలోకి దిగాయి. అదే సమయంలో ప్రశ్నలడిగి జవాబు చెప్పమంటే, చూపుకు సంబంధించిన వెనుక భాగాల్లో చురుకు తగ్గి భారం నుదుటి వైపు భాగం మీద పడింది. వాళ్లెవరూ తాగినవాళ్లు కారు.

మద్యం ఆ నుదుటి భాగాన్నీ వదలదు. నాడీకణాలను నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం ప్రభావాన్ని పెంచుతుంది, ఉత్తేజపరిచే గ్లుటమేట్‌ను అణచివేస్తుంది. ఖాళీ రోడ్డు మీద స్టీరింగు తిన్నగా పట్టుకోవడం సాధ్యపడవచ్చు. ఎదురు కారు వేగం, దాటుతున్న మనిషి, సిగ్నలు, ఈ మూడింటినీ ఒకేసారి పట్టుకునే శక్తే ముందు సడలుతుంది. తన స్థితిని తాను అంచనా వేసుకునే తెలివి కూడా దాంతోపాటే మందగిస్తుంది. ‘నాకేం ఎక్కలేదు’ అనే మాటను అందుకే నమ్మకూడదు.

1969 నుంచి కెనడా క్రిమినల్ కోడ్‌లో డ్రైవర్లకు మద్యం పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 80 మిల్లీగ్రాములు. ధ్యాస అంతవరకూ ఆగదు కనుకే బ్రిటిష్ కొలంబియా, ఒంటారియో 50 దగ్గరే లైసెన్సును కొన్నాళ్లు నిలిపేస్తాయి. అక్కడి మన విద్యార్థుల్లో చాలామంది దగ్గర ఉండే, కొత్త డ్రైవర్లకిచ్చే జీ2 లైసెన్సుకైతే ఒంటారియోలో అనుమతి సున్నా. శరీరం ఈ కొలతను గంటకు సుమారు 15 మిల్లీగ్రాములే తగ్గించగలదు. అర్ధరాత్రి ఒంటిగంటకు 120 ఉంటే ఉదయం ఏడింటికి, షిఫ్టుకు బయల్దేరే వేళకు, ఇంకా 30 ఉంటుంది. కాఫీ తాగినా, తలస్నానం చేసినా ఆ లెక్క మారదు.

2018 డిసెంబరు 18 నుంచి తాగి బండి నడిపినందుకు గరిష్ఠ శిక్ష అయిదేళ్ల నుంచి పదేళ్లకు పెరిగింది. దాంతో ఇది వలస చట్టంలో తీవ్ర నేరాల కోవలో చేరింది. కోర్టు జరిమానాతో సరిపెట్టినా శాశ్వత నివాస హోదా (పీఆర్) పోయే ప్రమాదం ఉంది. మనవాళ్ల మధ్య ఈ భయమే ఎక్కువగా వినిపిస్తుంది. అది న్యాయమైన భయమే, కానీ చిన్నది. 2015 సెప్టెంబరులో టొరంటో శివారులోని వాన్ నగరంలో తాగిన డ్రైవరు ఒకడు స్టాప్ గుర్తు దాటి దూసుకెళ్తే, ఒకే ఇంటి ముగ్గురు పిల్లలు, వాళ్ల తాతయ్య పోయారు.

ఇంటికెలా వెళ్లాలన్నది మొదటి గ్లాసుకు ముందే తేల్చుకోవాలి. తర్వాత తేల్చే మెదడు అప్పటికే తాగి ఉంటుంది. వారాంతపు విందుకు పిలిచేవాళ్లు ఎవరు తాగకుండా బండి నడుపుతారో, ఎవరికి ట్యాక్సీ కావాలో ఆహ్వానంతోపాటే అడగాలి.