ప్రభు బల్ల ఒక్కటే, పెండ్లి పందిళ్ళు రెండెందుకు?

మొన్నటి ఎండాకాలం సెలవుల్లో నా దగ్గర చదువుకున్న ఒక పిల్ల, ఒక పిల్లగాడు మా ఇంటికొచ్చిన్రు. పిల్లది మాలవాడ. పిల్లగానిది మాదిగవాడ. రెండిండ్లల్లో మూడు తరాల నుంచి బైబిలున్నది. ఇద్దరూ ఒక్క చర్చిలో పాటలు పాడినోళ్ళే. పెండ్లి చేసుకుంటమంటే పిల్ల తండ్రి కంటే ముందు సంఘ పెద్దలే అడ్డం పడ్డరు. నేను పోయి అడిగిన. ఒక పెద్దమనిషి నా మొకం మీదనే అన్నడు: "సార్, ప్రభు బల్ల కాడ కలిసి కూసుంటం. గని పిల్లనెట్ల ఇచ్చుకుంటం? మనది మనకున్నది గదా!"

ఆ "మనది" ఏంది? బాప్తిస్మం నీళ్ళల్ల మునిగినా తడవకుండ మిగిలిన ఆ "మనది" పేరే కులం.

ముందే ఒక మాట చెప్పాలె. నేను చర్చి మీద రాయి విసిరేటోన్ని కాదు. మా తాత దొర కాడ జీతమున్నడు. మా నాయన ఆ దొర పశువుల వెంటనే పెరిగిండు. మా ఇంట్ల మొట్టమొదట పుస్తకం పట్టుకున్నది మా అమ్మ. ఆ పుస్తకం బైబిలు. నేను డిగ్రీ దాకా పోయిన్నంటే దాని వెనుక మిషను హాస్టలు అన్నం ఉన్నది. 1866లో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద బాప్తిస్మం తీసుకొని ఒంగోలు చుట్టుపక్కల వాడ వాడా తిరిగిండు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన్రు. మన నిజాం ఇలాకాలో వెస్లియన్ మిషను మెదక్ కేంద్రంగా బడులు, దవాఖానాలు పెట్టింది. గంజి కోసం మతం మారిన్రని అగ్రవర్ణాలు ఇప్పటికీ ఎక్కిరిస్తయి. గంజి కోసం కాదు, మనిషి అనిపించుకోనీకి మారిన్రు. ఆ మాట మీద నాకు అనుమానం లేదు. అందుకే అడుగుతున్న. మనిషి అనిపించుకోనీకి పోయిన చోట మళ్ళ మాల, మాదిగ అని ఎందుకు వేరుపడ్డం?

సంఘ పెద్దల వాదన ఏందో కూడ న్యాయంగా చెప్పుకుందాం. పెండ్లి దేవుడు పెట్టిన కట్టడి అంటరు. కుటుంబం చెడితే సంఘం చెడుతది అంటరు. విశ్వాసి అవిశ్వాసితో జోడు కట్టొద్దని పౌలు రాసిండు అంటరు. ఇందులో మంచి లేదని నేననను. తాగొచ్చి పెండ్లాన్ని కొట్టే మొగోన్ని నలుగురిలో నిలబెట్టి గద్దించిన పాస్టర్లను నేను చూసిన. రెండో పెండ్లికి తయారైనోన్ని ఆపిన సంఘాలున్నయి. కూలినాలి చేసుకునే ఆడమనిషికి అది చిన్న అండ కాదు.

కాని ఆ నియమం ఎవరి మీద పనిచేస్తున్నది? హిందువుగా ఉన్న మేనబావ సొంత కులపోడైతే పెండ్లికి ముందు రోజు నీళ్ళల్ల ముంచి తెల్లారి విశ్వాసిని చేస్తరు. పుట్టుకతోనే క్రైస్తవుడైన మాదిగ పిల్లగాడు మాత్రం మాలింటికి పనికిరాడు. మాదిగింట్ల కూడ మాలింటి నుంచి వచ్చే కోడలికి ఎదురు హారతేమీ లేదు. మాల మీద మాదిగకు, మాదిగ మీద మాలకు ఉన్న కోపాలు బైబిలు అట్టల నడుమ భద్రంగా ఉన్నయి. అంటే అడ్డం పడుతున్నది పౌలు కాదు, మనువు. పౌలు చొక్కా తొడుక్కొని వచ్చిండు, అంతే. మూడు ఆదివారాలు పెండ్లి ప్రకటన చదువుతరు గదా, అభ్యంతరం ఉంటే చెప్పండని. కట్నం ఎంత తీసుకున్నవురా అని అందులో ఒక్కనాడైనా అడిగిన్రా?

బైబిలే చూద్దాం. మోషే కూషు దేశపు స్త్రీని పెండ్లాడితే అక్క మిర్యాము గొణిగింది. కుష్టు వచ్చింది మోషేకు కాదు, మిర్యాముకు. మోయాబు పిల్ల రూతు పరాయి జాతిది. ఆమెను బోయజు చేసుకున్నడు. ఆ వంశంలోనే దావీదు, ఆ వంశంలోనే యేసు. ఆమె పేరు మత్తయి సువార్త మొదటి అధ్యాయంలోనే ఉన్నది. సమరయ స్త్రీ బావి కాడ యేసు నీళ్ళడిగిండు. యూదులు అంటుకోని జాతి చేతి నీళ్ళు. బావి కాడ అవమానం ఎట్లుంటదో మన అవ్వలకు ఒకరు చెప్పాల్నా? ఈ ముచ్చట్లు ఆదివారం బడిల పిల్లలకు చెప్తం. పెండ్లి సంబంధం కాడికొచ్చేసరికి మరిచిపోతం.

ఇది మన ఒక్కరి రోగం కాదు. అమెరికాలో నల్లోళ్ళను బానిసలుగా ఉంచుకోవచ్చని బైబిలు చూపించి వాదించినోళ్ళే 1845లో సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్ పెట్టుకున్నరు. దానికి క్షమాపణ చెప్పనీకి 1995 దాకా పట్టింది. నల్ల పిల్లను చేసుకున్న తెల్ల పిల్లగానికి వర్జీనియాలో శిక్ష వేసిన జడ్జి, దేవుడే జాతులను వేరువేరు ఖండాల్లో పెట్టిండని రాసిండు. 1967లో అక్కడి సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. అదే బైబిలు పట్టుకొని మార్టిన్ లూథర్ కింగ్ వీధిలోకొచ్చిండు. పుస్తకం ఒక్కటే. పట్టుకున్నోడు ఎటు దిక్కు నిలబడ్డడన్నదే లెక్క.

2018 మే నెలలో కేరళలోని కొట్టాయం కాడ కెవిన్ జోసెఫ్ అనే దళిత క్రైస్తవున్ని పెండ్లాం తరఫు వాళ్ళు ఎత్తుకపోయి చంపిన్రు. పిల్ల తండ్రి కూడ క్రైస్తవుడే. 2019లో కోర్టు దాన్ని పరువు హత్య అని చెప్పి, పిల్ల అన్నతో సహా పదిమందికి యావజ్జీవం వేసింది. అదే 2018 సెప్టెంబరు 14న మన మిర్యాలగూడలో ప్రణయ్‌ని గర్భంతో ఉన్న భార్య కండ్ల ముందే నరికిన్రు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ప్రణయ్ కోసం మనం కొవ్వొత్తులు వెలిగించినం. మంచిదే. మన వాడల్లో కత్తి లేకుండ అదే పని చేస్తున్నమే, దానికేం వెలిగిద్దాం?

ఇగ రాజ్యం సంగతి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ అన్నది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చింది. క్రైస్తవుడు బయటనే ఉన్నడు. మనకు బీసీ-సి, ఒక్క శాతం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మత నిబంధన తీసెయ్యమన్నది. తియ్యలేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో, మతం మారినోనికి ఎస్సీ ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం వర్తించదన్నది. కొట్టినోడు కులం చూసి కొడతడు. కోర్టు మతం చూసి లెక్కగడతది.

ఈ భయానికి ఫలితమేంది? ఆదివారం చర్చి, సోమవారం సర్టిఫికెట్. పెండ్లి చర్చిల చేసుకొని, కాగితం బయటపడుతదని ఎక్కడా నమోదు చెయ్యరు. లైసెన్సు లేని పాస్టరు చేత అయిపోయిన పెండ్లిండ్లు ఎన్నో. తర్వాత మొగడు చచ్చిపోతే పింఛను కోసమో, ఉద్యోగం కోసమో ఆఫీసుకు పోయిన ఆడమనిషిని "పెండ్లయినట్టు రుజువేది?" అంటరు. నష్టపోయేది ఆమె. 2002 చట్టం ప్రకారం ఏ మతం పెండ్లయినా నమోదు చెయ్యాలె. పవిత్రం పవిత్రం అనే పెద్దలు ఆ పవిత్రతకు ఒక్క కాగితం పుట్టిచ్చే బాధ్యత ఎందుకు తీసుకోరు?

ఇంకోటి. 1872 క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఇద్దరిలో ఒక్కరు క్రైస్తవులైనా పెండ్లి జరిపించొచ్చు. తెల్లదొర రాసిన చట్టానికున్నంత విశాలం మన పెద్దలకు లేదు. విడాకుల చట్టమైతే 2001 దాకా మొగోనికొక న్యాయం, ఆడదానికొక న్యాయం. మొగోడు వ్యభిచారం ఒక్కటి చూపిస్తే చాలు. ఆడది దానితో పాటు క్రూరత్వమో, విడిచిపెట్టి పోవుడో రుజువు చెయ్యాల్సి వచ్చేది. అది మారినా చర్చి కూలలేదు. 2013లో నంద్యాలలో పుష్పలలితమ్మ సీఎస్ఐకి మొదటి మహిళా బిషప్ అయ్యింది. ఆకాశం ఊడిపడలేదు. 2022లో పూల ఆంతోని కార్డినల్ అయ్యిండు. దళితుల్లో ఆయనే మొదటోడు. ఎన్ని వందల ఏండ్లు పట్టిందో లెక్కేసుకోండి.

రాజకీయం లోకసంబంధం, మనకొద్దు అంటరు అయ్యగార్లు. ఎలక్షన్లొస్తే మాత్రం అభ్యర్థిని స్టేజీ మీదికి పిలిచి నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తరు. కారంచేడు, చుండూరు బాధితులకు చర్చి ఆవరణలు నీడనిచ్చినయి. అదీ సాక్ష్యమంటే. అంబేద్కర్ 1936లోనే చెప్పిండు, కులం పోవాలంటే కులాంతర వివాహమే అసలు మందు అని. ఆ మందు ముందు మనం తాగకుండ రెడ్డిని, వెలమను తాగమంటే ఎవడింటడు?

సంఘ పెద్దలారా, నేనడిగేది మూడే. మాల మాదిగ పెండ్లికి ఏ సంఘమూ అడ్డం పడొద్దు. పడ్డ పెద్దను ఆ పదవి నుంచి దించాలె. చర్చిల అయిన ప్రతి పెండ్లీ నమోదు కావాలె. 1950 ఉత్తర్వు మీద కొట్లాటకు పాస్టర్లు స్టేజీ దిగి మాతో రోడ్డు మీదికి రావాలె.

ఆ పిల్లలిద్దరూ ప్రత్యేక వివాహ చట్టం కింద ముప్పై రోజుల నోటీసిచ్చి రిజిస్ట్రారాఫీసులో పెండ్లి చేసుకున్నరు. సాక్షి సంతకాల్లో ఒకటి నాది. ఆ తర్వాతి ఆదివారం ఇద్దరూ మళ్ళ అదే చర్చికి పోయిన్రు. ఆఖరి వరుసలో కూసున్నరట. వాళ్ళు చర్చిని విడువలేదు. చర్చి వాళ్ళను విడుస్తదా, ముందు వరుసకు పిలుస్తదా? జవాబు మీరే చెప్పాలె.

జై భీమ్!

- ఒక ఉపాధ్యాయుడు, లక్సెట్టిపేట