గడప దాటకుండానే ఆంగ్ల పాఠం

పిల్లలను ఆంగ్ల మాధ్యమంలో చేర్పించిన మన ఇళ్లలో ఒక మౌనం క్రమంగా పెరుగుతోంది. ఉర్దూలోనో తెలుగులోనో చదువుకున్న తల్లి, బిడ్డ పుస్తకం తెరిచిన వేళ పక్కకు తప్పుకుంటుంది. "ఇది నీకు రాదులే అమ్మీ" అనే మాట బిడ్డ నోట అలవోకగా వెలువడుతుంది. పదాల కొరతగా మొదలైనది గౌరవపు కొరతగా మారకముందే మనం మేలుకోవాలి. అందుకే ఈ నెల మేము వ్యాకరణం జోలికి పోవడం లేదు. బిడ్డకన్నా తల్లికే బాగా తెలిసిన విషయాన్ని పాఠంగా ఎంచుకున్నాం. అది మన ఇల్లు.

వాకిటి నుంచే మొదలుపెడదాం. మనం గడప అనీ దహ్లీజ్ అనీ పిలిచేది ఆంగ్లంలో త్రెషోల్డ్. ద్వారబంధం డోర్‌ఫ్రేమ్. తలుపును దానికి పట్టి ఉంచే బందు హింజ్. గొళ్లెం లాచ్, గడియ బోల్ట్. తలుపు తట్టడం నాక్. ఇళ్లలోకి వాటి ద్వారాల గుండానే ప్రవేశించాలని దివ్య ఖుర్ఆన్ (2:189) బోధిస్తోంది. మూడుసార్లు అనుమతి కోరినా లభించకపోతే వెనుదిరగాలని దైవప్రవక్త (స) నేర్పారు. నాక్ అనే పదంతో పాటు ఈ మర్యాదను కూడా నేర్పగల గురువు తల్లి కాక మరెవరు?

లోపల అడుగుపెడితే తికమకపెట్టే పదాలు కొన్ని ఎదురవుతాయి. ఇంటిని బయటి నుంచి కప్పి ఉండేది రూఫ్. గదిలో పడుకుని పైకి చూస్తే కనిపించేది సీలింగ్. కాకి వాలేది రూఫ్ మీద, ఫ్యాను వేలాడేది సీలింగ్‌కు. ఫ్లోర్ అంటే నేల, అంతస్తు కూడా. మన దేశంలోనూ బ్రిటన్‌లోనూ నేలమట్టపు అంతస్తు గ్రౌండ్ ఫ్లోర్, దాని పైది ఫస్ట్ ఫ్లోర్. అమెరికాలో సాధారణంగా నేలమట్టపుదే ఫస్ట్ ఫ్లోర్. మనం హాలు అని పిలుచుకునే దీవాన్‌ఖానాను అక్కడివారు లివింగ్ రూమ్ అంటారు. బ్రిటన్‌వారి ఇంట్లో హాల్ అంటే వీధితలుపు తెరవగానే వచ్చే నడవ. బావర్చీఖానా కిచెన్, మెట్లు స్టెయిర్స్. పూర్వం దీపం పెట్టుకున్న గోడగూడు, అంటే మన తాక్, నీష్. దివ్య ఖుర్ఆన్ (24:35) అల్లాహ్ జ్యోతిని పోల్చింది గూటిలోని దీపంతోనే. ఇక పడకగది బెడ్‌రూమ్. ఫజ్ర్ నమాజుకు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా తర్వాత పిల్లలు సైతం అనుమతి కోరి రావాలన్న ఆదేశం (24:58) ఆ గది పేరుతోపాటే వారి మనసున నిలవాలి.

ఈ పదాలు పరాయివని బెదరనక్కరలేదు. సోఫా అనే మాటకు మూలం అరబీలోని సుఫ్ఫా, అంటే అరుగు. మదీనాలో మస్జిదె నబవీని ఆనుకుని ఉన్న అరుగుకు కూడా అదే పేరు. ఇల్లూ వాకిలీ లేని నిరుపేద సహచరులు అక్కడే ఉంటూ ధర్మవిద్య అభ్యసించారు. పరుపును సూచించే మ్యాట్రెస్, గోడలోకి చొచ్చుకుని ఉండే చిన్న భాగానికి పేరైన ఆల్కోవ్ కూడా అరబీ నుంచి ఐరోపా భాషల మీదుగా ఆంగ్లానికి చేరినవే. మన బంగళా కూడా ఆంగ్లంలో స్థిరపడింది. తెలుగు కిటికీ, ఉర్దూ ఖిడ్కీ ఒకే కుదురువి. ఇళ్ల మధ్య గోడలున్నా మాటల రాకపోకలు ఆగలేదు.

ఆచరణ సులభం. రోజుకు ఐదు పదాల చొప్పున చిన్న కాగితాల మీద రాసి ఆయా చోట్ల అంటించండి. ప్రతి కాగితం మీదా తెలుగు, ఉర్దూ, ఆంగ్లం మూడూ ఉండాలి. ఆంగ్లపదం బిడ్డ చెప్పాలి, తెలుగు మాట తల్లి చెప్పాలి, ఉర్దూ మాట కోసం నానీమా దగ్గరికో దాదీమా దగ్గరికో వెళ్లాలి. అప్పుడు ఇంట్లో ఎవరూ తెలియనివారుగా మిగలరు. ఒక భాష నేర్చుకునేందుకు మరొకదాన్ని గడప బయటికి నెట్టనవసరం లేదు. భాషల వైవిధ్యం అల్లాహ్ సూచనలలో ఒకటని ఖుర్ఆన్ (30:22) తెలుపుతోంది. దైవప్రవక్త (స) ఆదేశం మేరకు హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) యూదుల లిపిని సుమారు 15 రోజులలోనే నేర్చుకున్నారని హదీసు ఉల్లేఖనం. మన ఇంటి నాలుగు గోడల పదాలకు ఒక నెల చాలదా?

వచ్చే నెల వంటింటి సామగ్రి పేర్లు చూద్దాం. ఈలోగా మీ ఇంటి తలుపు మీద తొలి కాగితం అమ్మీ చేతిరాతతోనే ఉండనివ్వండి.