గోత్రం తెలుసు, జబ్బులు తెలీవు

పెళ్లి సంబంధం వస్తే మన ఇళ్లలో గోత్రం అడుగుతారు, నక్షత్రం అడుగుతారు, అబ్బాయి ప్యాకేజీ అడుగుతారు. మేనత్త 42 ఏళ్లకే ఎందుకు పోయిందో మాత్రం ఎవరూ చెప్పరు. "ఏదో గడ్డలే, అప్పట్లో ఏం తెలుసు" అని మాట మార్చేస్తారు. పేరు బయటపడితే ఇంట్లో ఆడపిల్లలకి సంబంధాలు రావని భయం. ఆ భయం నాకూ అర్థమవుతుంది. కానీ ఆ విషయం అందరికన్నా ఎక్కువ అవసరమయ్యేది ఆ ఆడపిల్లలకే కదా!

మేరీ క్లెయిర్ కింగ్ అనే అమెరికన్ సైంటిస్ట్, రొమ్ము క్యాన్సర్‌తో సంబంధమున్న జీన్ ఒకటి 17వ క్రోమోజోమ్ మీద ఉందని 1990లో చూపించారు. అదే బీఆర్‌సీఏ1. తర్వాత బీఆర్‌సీఏ2 కూడా దొరికింది. ఈ జీన్స్ అందరిలోనూ ఉంటాయి, పాడైన డీఎన్ఏని రిపేర్ చేస్తుంటాయి. వాటిలో తప్పు ఉంటేనే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల రిస్క్ బాగా పెరుగుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఆ తప్పుంటే పిల్లలకి వచ్చే ఛాన్స్ 50 శాతం. టాస్ వేసినట్టే.

తల్లిదండ్రుల్లో ఒకరు అన్నాను, అమ్మ అనలేదు. రొమ్ము క్యాన్సర్ అనగానే అందరూ అమ్మమ్మ వైపే చూస్తారు. నాన్నకి ఏ జబ్బూ లేకపోయినా, నాన్నమ్మ నుంచి వచ్చింది ఆయన మీదుగా మనదాకా రావచ్చు. (జావాలో క్లాస్‌కి ఒక్కటే పేరెంట్ క్లాస్. మనకి ఇద్దరు.)

మన దేశంలో ప్రభుత్వ స్క్రీనింగ్ 30 ఏళ్ల నుంచి. అమెరికాలో మామోగ్రామ్ 40 నుంచి. ఇవి మామూలు రిస్క్ ఉన్నవాళ్ల లెక్కలు. అమ్మకి 42లో వస్తే, కూతురికి పదేళ్లు ముందే, అంటే 32 దగ్గరే మొదలుపెట్టమంటారు డాక్టర్లు. జీన్‌లో తప్పుందని తేలితే 25 నుంచే ఏటా ఎంఆర్ఐ. అప్పటికి మనం ఎంఎస్ లోన్ కడుతూ ఉంటాం!

ఊరికే భయపెడుతున్నావని మీరనొచ్చు. రొమ్ము క్యాన్సర్లలో ఇలా వంశంలో వచ్చేవి 5 నుంచి 10 శాతమే. ఇంట్లో ఎవరికీ లేదని టెస్టులు మానేయకూడదు, ఒకరికి వచ్చిందని మనకీ వస్తుందని కాదు. అయితే ఇంకో సంగతి ఉంది. జీన్ టెస్ట్ ముందు జబ్బు వచ్చినవాళ్లకి చేస్తేనే ఎక్కువ తెలుస్తుంది. ఆ పిన్ని, ఆ మేనత్త బతికి ఉండగానే అడగాలి. తర్వాత అడగడానికి ఎవరుంటారు?

హాల్లో అందరి ముందూ అడిగితే చెప్పరు. సంక్రాంతికి వెళ్లినప్పుడు, అరిసెలు వత్తుతూ నాన్నమ్మని అడగండి. ఎవరికి, ఎక్కడ, ఎన్నో ఏట. వయసు గుర్తులేకపోతే "అప్పటికి నాన్న ఏ క్లాసు?" అనండి, చెప్పేస్తారు. ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

అబ్బాయిలూ, పేజీ తిప్పేయకండి. బీఆర్‌సీఏ2లో తప్పుంటే మగవాళ్లకి ప్రోస్టేట్ క్యాన్సర్ రిస్క్ కూడా పెరుగుతుంది.